సాక్ష్యం చెప్పాలంటే టెన్షన్... సంతోషంగా ఎలా చెప్పాలి?

సిస్టర్, వందనాలు.

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇది. మీ సంఘంలో ఒక అన్న ఎవరితోనైనా నవ్వుతూ, హుషారుగా సాక్ష్యం చెబుతారు, అంటే ప్రభువు తన జీవితంలో ఏం చేశాడో చెబుతారు, జనం కూర్చుని వింటారు. మీరు చెప్పబోతే గొంతు పట్టేస్తుంది, లేదంటే వాదన అయిపోతుంది. మొన్న ఆఫీసులో పక్క సీటు ఆమె "సోమవారం పొద్దున్నే ఇంత హుషారుగా ఎలా ఉంటావ్?" అని అడిగితే "ఏం లేదు, నిద్ర బాగా పట్టింది" అనేశారు. అప్పటి నుంచి ఆ మాట మనసులో గుచ్చుకుంటోంది. ఆ అన్నలా మాట్లాడటం ఎలా నేర్చుకోవాలి అని అడిగారు.

ఆయనలా మాట్లాడటం నేర్చుకోకండి. ఆయన స్వభావమే అంత. క్రికెట్ గురించి మాట్లాడినా అలాగే చేతులు ఊపుతూ మాట్లాడతారేమో, ఓసారి గమనించండి. మెల్లగా మాట్లాడే మనిషి ఆయన్ని చూసి గొంతు పెంచితే వినేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. నేను ఇరవై రెండేళ్లుగా సంఘంలో సువార్త పని చూసుకుంటున్నాను. అంతకుముందు ఆరేళ్లు అదే పనిని తప్పుగా చేశాను. ఆ ఆరేళ్లలో నాకు హుషారుకు లోటేమీ లేదు.

ఒక సంగతి చెబుతాను. రాత్రి రైలు, ఎదురు బెర్తులో నా వయసు కుర్రాడు. ఏం చదువుతున్నారు అని అడిగాడు పాపం, మర్యాదకి. బైబిల్ అన్నాను. అక్కడి నుంచి గంటన్నర వదల్లేదు. సృష్టి, పాపం, సిలువ, పునరుత్థానం అన్నీ అయ్యాయి. అతను వేసిన ప్రతి ప్రశ్నకూ నా దగ్గర జవాబు ఉంది. చివరికి "నిద్రొస్తోందండీ" అని దుప్పటి ముఖం మీదకు లాక్కున్నాడు. నేను చాలా తృప్తిగా పైకి ఎక్కి పడుకున్నాను. కాసేపటికి కిందకు చూస్తే ఆ దుప్పటి లోపల ఫోను వెలుగు కనిపిస్తోంది. నిద్ర రాలేదు అతనికి. నా నుంచి దాక్కున్నాడు. ఆ నీలం వెలుతురు నాకు ఇప్పటికీ గుర్తే.

అప్పుడు నాలో ఉన్నది సంతోషం కాదు, గెలుస్తున్నానన్న ఊపు. బయటి నుంచి రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి చాలాకాలం తేడా తెలియలేదు.

లూకా 15వ అధ్యాయం మీకు బాగా తెలిసే ఉంటుంది. ఈసారి ప్రసంగం కోసం కాకుండా, అందులో మనుషులు ఏం చేస్తున్నారో చూడటానికి చదవండి. పది నాణేల్లో ఒకటి పోగొట్టుకున్న ఆవిడ దీపం వెలిగించింది, ఇల్లు ఊడ్చింది, మూలమూలా వెతికింది. దొరికాక స్నేహితులనీ ఇరుగుపొరుగు వాళ్లనీ పిలిచి, పోయిన నాణెం దొరికింది, నాతో కలిసి సంతోషించండి అంది. అంతే. మీ నాణేలు లెక్క చూసుకున్నారా అని నిలదీయలేదు. దీపం ఎలా వెలిగించాలో క్లాసు పీకలేదు. నూరు గొర్రెల్లో ఒకటి తప్పిపోయినవాడూ అంతే, దొరికినదాన్ని భుజాల మీద వేసుకొచ్చి అదే మాట అన్నాడు. (ఆ రాత్రి పక్కింటావిడ కూడా తన డబ్బా తీసి లెక్కపెట్టుకునే ఉంటుందని నా ఊహ. లూకా అది రాయలేదు.)

ఆవిడ సంతోషానికి ఒక వస్తువుంది. ఎప్పుడు పోయింది, ఏ మూల దొరికింది అని అడిగితే వేలు పెట్టి చూపించగలదు. మనకు వచ్చే ఇబ్బంది సరిగ్గా ఇక్కడే. "దేవుడు నన్ను ఎంతగానో ఆశీర్వదించాడు", "నా జీవితమే మారిపోయింది" అంటాం. ఏం మారింది అని ఎదుటివాళ్లు అడిగితే తడుముకుంటాం. తడుముకున్నప్పుడు ఆ ఖాళీని సిద్ధాంతంతోనో, గొంతుతోనో నింపుతాం. అందుకే మీకు నేను ఇచ్చే పని ఒక్కటే: హుషారు సంగతి పక్కనపెట్టి, మీకు దొరికింది ఏమిటో కనుక్కోండి. ఒక కాగితం తీసుకుని, గత ఏడాదిలో ప్రభువు వల్ల మీలో నిజంగా మారిన ఒక్క చిన్న విషయం రాయండి. పెద్ద అద్భుతం అక్కర్లేదు. సంఘంలో వాడే మాటలు వాడకుండా రాయండి. "విడుదల", "అభిషేకం", "ఆత్మీయంగా బలపడ్డాను" లాంటివన్నీ కొట్టేశాక ఏం మిగులుతుందో చూడండి. మొదటిసారి చేసినప్పుడు నాకు ఒకటిన్నర వాక్యం మిగిలింది, సిగ్గేసింది. కానీ ఆ ఒకటిన్నర వాక్యం నాది.

ఈ విషయంలో నాకు గురువు మా అమ్మ. నాన్న పోయాక అమ్మ రెండేళ్లు లైటు ఆర్పి పడుకోలేదు. చీకటంటే భయం అనేది కాదు, "ఉండనీ, కరెంటు బిల్లు నేను కట్టుకుంటాలే" అనేది. చదువు పెద్దగా లేదు, కూడబలుక్కుని చదివేది. ఎవరో చెబితే రోజూ పడుకునే ముందు 4వ కీర్తన చదవడం మొదలుపెట్టింది. ఒంటరిగా ఉన్నా నువ్వే నన్ను క్షేమంగా ఉంచుతావు కాబట్టి నెమ్మదిగా పడుకుని నిద్రపోతాను అనే అర్థంతో ఆ కీర్తన ముగుస్తుంది. ఒకరోజు తెల్లవారుజామున లేచి, అలవాటు కొద్దీ లైటు ఆర్పడానికి స్విచ్ మీద చెయ్యి వేసింది. అది ఆర్పేసే ఉంది. నన్ను లేపి "నువ్వు ఆర్పావా?" అని అడిగింది. నేను ఆర్పలేదు.

ఆ కథ అమ్మ పదేళ్లు చెప్పింది. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లకి, డాక్టరు దగ్గర వరుసలో ఉన్నవాళ్లకి, మాట కలిస్తే చాలు. చెబుతున్నప్పుడు చెయ్యి పైకెత్తి, గోడ మీద స్విచ్ వెతుకుతున్నట్టు వేళ్లు కదిలించేది. "వెలగని లైటు ఆర్పడానికి పోయానమ్మా" అని తనమీద తనే నవ్వుకునేది. మొత్తం రెండు నిమిషాలు పట్టేది. చెప్పాక కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చునేది, లేకపోతే "మీ పిల్లలేం చేస్తున్నారు?" అని అడిగేది. "నువ్వూ నమ్ముకో" అని అమ్మ ఎవరితోనూ అనగా నేను వినలేదు. "ఏ కీర్తనండీ అది?" అని అడిగినవాళ్లను మాత్రం నేనే ముగ్గురిని చూశాను. ముగ్గురూ భర్త పోయినవాళ్లే.

నేను రైల్లో గంటన్నరలో చెప్పినదాంట్లో ఇలాంటి స్విచ్ ఒక్కటి కూడా లేదు.

సువార్త అంటేనే మంచి వార్త. గ్రీకులో దానికి మూలమైన మాటను ఆ రోజుల్లో యుద్ధంలో గెలిచారన్న కబురుకీ, రాజ్యంలో జరిగిన శుభాలకీ వాడేవారు. ఇప్పటి టర్కీలో దొరికిన, క్రీ.పూ. 9 నాటి ప్రియేనే శాసనంలో రోమా చక్రవర్తి అగస్టస్ పుట్టుక గురించి చెబుతూ ఆ మాటే వాడారు. కబురు తెచ్చేవాడు జరిగింది చెబుతాడు. సలహా చెప్పేవాడు మీరేం చేయాలో చెబుతాడు. మనం కబురు అని మొదలుపెట్టి, రెండో వాక్యానికే సలహాలోకి దిగిపోతాం. ఎదుటి మనిషి ముఖం మారేది సరిగ్గా ఆ మలుపు దగ్గరే. మీరన్న వాదనలు కూడా అక్కడే పుడుతుంటాయని నా అనుమానం.

ప్రశ్నలు వేస్తే జవాబు తెలియదన్న భయం గురించి కూడా రాశారు. యోహాను 9లో యేసు చూపు ఇచ్చిన పుట్టుగుడ్డివాణ్ని పరిసయ్యులనే మతపెద్దలు పిలిచి, నిన్ను బాగుచేసినవాడు పాపి అని ఒత్తిడి చేస్తే అతను ఏమన్నాడు? ఆయన పాపో కాదో నాకు తెలియదు, ఒకటి మాత్రం తెలుసు, నేను గుడ్డివాణ్ని, ఇప్పుడు చూస్తున్నాను అన్నాడు. "తెలియదు" అన్న మాట బైబిల్లోని గట్టి సాక్ష్యాల్లో ఒకదానిలో ఉంది సిస్టర్, మీరూ వాడుకోవచ్చు. "మంచి ప్రశ్న, నాకూ తెలియదు, కనుక్కుంటాను" అంటే మీ మీద నమ్మకం పెరుగుతుంది. ఇప్పుడు నేను వారానికి ఒకసారైనా ఆ మాట అంటాను.

యోహాను 4లో బావి దగ్గర యేసుతో మాట్లాడిన సమరయ స్త్రీని కూడా చూడండి. నీళ్ల కోసం వచ్చిన మనిషి కుండ అక్కడే వదిలేసి ఊళ్లోకి వెళ్లింది. ఆమె హుషారు ఎంతో చెప్పడానికి ఆ వదిలేసిన కుండ చాలు. కానీ ఊళ్లో ఆమె చెప్పింది చాలా తక్కువ. నేను చేసినవన్నీ నాతో చెప్పిన మనిషిని వచ్చి చూడండి, ఈయన క్రీస్తు కాడంటారా? ప్రశ్నతో ఆపేసింది. తీర్పు వాళ్లకే వదిలేసింది. యేసు అక్కడ రెండు రోజులు ఉన్నాక ఊరివాళ్లు ఆమెతో, ఇక నీ మాట మీద కాదు, మేమే విన్నాం, అందుకే నమ్ముతున్నాం అన్నారు. కొంతమందికి ఆ మాట ఆమెను తీసిపారేసినట్టు అనిపిస్తుంది. నాకైతే సాక్ష్యం చెప్పినవాళ్లకు అంతకంటే మంచి మాట ఇంకోటి దొరకదనిపిస్తుంది. యేసు శిష్యుడు ఫిలిప్పు కూడా, యేసు ఊరైన నజరేతు నుంచి మంచిదేదైనా వస్తుందా అని నతనయేలు ఎగతాళిగా అంటే, నజరేతు గొప్పదనం గురించి వాదించలేదు. వచ్చి చూడు అన్నాడు.

ఇక చాలామంది చెప్పని విషయం ఒకటి. సంతోషం తప్పు చోట పెడితే గాయం చేస్తుంది. దుఃఖంలో ఉన్నవాడి దగ్గర పాటలు పాడటం చలిరోజు ఒంటి మీది బట్ట లాగేసినట్టు, సురెకారం మీద చిరక పోసినట్టు అని సామెతలు 25:20 అంటుంది. చిరక అంటే పులిసిన ద్రాక్షరసం లాంటిది, సురెకారం అంటే ఇక్కడ బట్టలుతికే సోడా లాంటిది, దాని మీద ఇది పోయగానే బుసబుసా పొంగుతుంది. బిడ్డను పోగొట్టుకున్న ఇంటికి వెళ్లి "ప్రభువులో ఎప్పుడూ ఆనందించాలి" అన్న మనిషిని నేను చూశాను. ఆ తల్లి ఏమీ అనలేదు, లేచి లోపలికి వెళ్లిపోయింది. పౌలు ఆనందించండి అని పదేపదే రాశాడు, నిజమే. కానీ ఏడ్చేవాళ్లతో కలిసి ఏడవమని కూడా ఆయనే రాశాడు. అక్కడ మీరు చెప్పగలిగే సాక్ష్యం పక్కన కూర్చోవడమే. మూడు నెలల తర్వాత వాళ్లే నోరు తెరిచి అడిగితే అప్పుడు చూసుకోవచ్చు.

పొద్దున్నే వాట్సాప్ గ్రూపుల్లో వచనాల ఫొటోలు పది పంపేవాళ్లకు సామెతలు 27:14 చదవమని నా విన్నపం. వేకువనే లేచి పెద్ద గొంతుతో స్నేహితుణ్ని దీవిస్తే అది అతనికి శాపంతో సమానమట. సొలొమోను కాలంలో ఫోన్లు లేకపోయినా ఈ బాధ ఉందన్నమాట.

సంతోషం అంటే హుషారే కానక్కర్లేదు. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ కథ మీరు వినే ఉంటారు, కానీ ఓడ మీద జరిగిన భాగం చాలామందికి తెలియదు. 1736 జనవరిలో వెస్లీ ఇంగ్లండు నుంచి అమెరికాలోని జార్జియాకు ఓడలో వెళుతున్నాడు. అప్పటికే ఆయన ఆంగ్లికన్ సంఘ సేవకుడు, ఇతరులకు సువార్త చెప్పడానికే బయల్దేరాడు. అదే ఓడలో మొరేవియన్లు అనే జర్మన్ విశ్వాసులున్నారు. 25వ తేదీ సాయంత్రం వాళ్లు కీర్తన పాడుతూ ఆరాధన మొదలుపెట్టగానే పెద్ద అల వచ్చి పడింది. ముఖ్యమైన తెరచాప చినిగిపోయింది, నీళ్లు లోపలికి కొట్టాయి. ఇంగ్లిషువాళ్లు హాహాకారాలు చేశారు. జర్మన్లు పాట ఆపలేదు. తర్వాత వెస్లీ వాళ్లలో ఒకతన్ని అడిగాడు, భయం వేయలేదా అని. దేవుని దయవల్ల లేదన్నాడు. మరి మీ ఆడవాళ్లకీ పిల్లలకీ? వాళ్లు చావుకు భయపడరు అన్నాడు అతను మెల్లగా.

వెస్లీ ఆ సంభాషణను తన డైరీలో రాసుకున్నాడు. తన దగ్గర లేనిదేదో వాళ్ల దగ్గర ఉందని ఆయన్ను తొలిచేసింది. రెండేళ్లు దాటాక, 1738 మే 24న లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధిలో జరిగిన కూడికలో తన హృదయం వింతగా వెచ్చబడిందని రాసుకున్నాడు. మొరేవియన్లు ఆ తుఫానులో వెస్లీకి సువార్త చెబుదామని పాడలేదు. అది వాళ్ల రోజువారీ సాయంత్రపు ఆరాధన, అంతే. మీ పక్క సీటు ఆమె కూడా మీరు చెప్పింది విని అడగలేదు కదా, మిమ్మల్ని చూసి అడిగింది.

అడిగినవాళ్లకు చెప్పడం గురించి 1 పేతురు 3:15 ఉంది. మీలోని నిరీక్షణకు కారణమేంటని అడిగే ప్రతివాడికీ జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండండి, అయితే సాత్వికంతో, భయంతో (అంటే గౌరవంతో) చెప్పండి అని. మొదటి సగాన్ని పోస్టర్ల మీద వేసుకుంటాం, రెండో సగాన్ని వదిలేస్తాం. అవతలి మనిషి నమ్మకాన్ని కించపరిచి మన సంతోషం చెప్పడం కూడా ఆ రెండో సగాన్ని మరిచిపోవడమే. ఎఫెసులో పౌలు వల్ల ఊరంతా గొడవైనప్పుడు, వీళ్లు మన దేవతను దూషించలేదు అని సాక్ష్యం చెప్పింది విశ్వాసి కాదు, ఆ పట్టణపు కరణం. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో ఉంది. మన గురించి బయటివాళ్లు ఆ మాట అనగలగాలి. మీ కింద పనిచేసేవాళ్లకు, మీ మీద ఆధారపడినవాళ్లకు మీరుగా మొదలుపెట్టకండి. వాళ్లు వద్దని చెప్పలేరు. వాళ్లే అడిగితే వేరు. ఎవరైనా "ఈ విషయం వద్దండీ" అంటే మళ్లీ ఎత్తకండి, స్నేహం మాత్రం మానకండి. ధనవంతుడైన యువకుడు చిన్నబోయి వెళ్లిపోతుంటే యేసు వెంటపడలేదు. ఆయన అతన్ని చూసి ప్రేమించాడని మార్కు రాశాడు.

"నాలోనే ఆ సంతోషం లేనప్పుడు ఏం చేయాలి?" అని చివర్లో ఒక చిన్న లైను రాశారు. అసలు ప్రశ్న అదేనేమో అనిపించింది. నాకూ అలాంటి కాలం వచ్చింది, దాదాపు ఏడాదిన్నర. నోటితో సాక్ష్యం చెబుతున్నాను, లోపల బూడిద. 51వ కీర్తనలో దావీదు నీ రక్షణానందాన్ని నాకు మళ్లీ పుట్టించు అని అడుగుతాడు. ఆ తర్వాతి వచనంలో, అప్పుడు తప్పుచేసినవాళ్లకు నీ త్రోవలు బోధిస్తాను అంటాడు. వరుస గమనించండి. అందుకని నేను బోధించడం కొంతకాలం ఆపేశాను. పెద్దలకు నిజం చెప్పాను. ఒకరిద్దరు ముఖం చిట్లించారు, అది వాళ్ల ఇష్టం. ఆ నెలల్లో ఎవరైనా అడిగితే "ఈమధ్య నాకు ప్రార్థన రావడం లేదు, అయినా ఎందుకో వదలబుద్ధి కావడం లేదు" అని మాత్రం చెప్పేవాణ్ని. అది కూడా సాక్ష్యమేనని అప్పుడు నాకు తట్టలేదు. విన్నవాళ్లలో ఒకతను, చర్చికి రావడం మానేసి నాలుగేళ్లయిన మనిషి, తర్వాతి ఆదివారం వచ్చి వెనక వరుసలో కూర్చున్నాడు. పాటల దగ్గర నోరు మెదపలేదు. నేనూ మెదపలేదు.

లేని సంతోషాన్ని ముఖానికి పులుముకోకండి. నిద్ర బాగా పట్టిందని ఆమెతో చెప్పారు కదా, అది అబద్ధమా? నిజంగానే ఈమధ్య నిద్ర బాగా పడుతోందా? పడుతుంటే ఎందుకు పడుతోంది? మీ కాగితం అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చేమో చూడండి.

ఆమెతో మళ్లీ మాట ఎలా ఎత్తాలన్నారు కాబట్టి చెబుతున్నాను. ప్రత్యేకంగా పిలిచి కూర్చోబెట్టకండి, ఆమెకు కంగారు పుడుతుంది. ఇద్దరూ తీరిగ్గా ఉన్నప్పుడు, "మొన్న హుషారు ఏంటని అడిగావు, ఏం లేదన్నాను. నిజానికి ఉంది, చెప్పడానికి మొహమాటపడ్డాను" అనండి. తర్వాత మీ కాగితం మీద ఉన్నది మీ మామూలు గొంతుతో రెండు నిమిషాల్లో చెప్పి, ఆమె వీకెండ్ ఎలా గడిచిందో అడగండి. ఆమె చెప్పేది పూర్తిగా వినండి, మధ్యలో వచనం గుర్తొచ్చినా సరే. ఆమె ఇంకేదైనా అడిగితే చెప్పండి, అడగకపోతే పనిలో పడండి.

ఏమైందో వీలైనప్పుడు ఇక్కడే రాయండి సిస్టర్. గొంతు పట్టేసి మళ్లీ ఏమీ చెప్పలేకపోయినా సరే, అదే రాయండి.